ఎండ వేరు, వేడి వేరు
(ఖరగ్‌పూరులో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకుముందే శాస్త్రులుగారు పంచాంగం చదివి ఈ సంవత్సరానికి రాజెవరో, మంత్రి ఎవరో, సేనాధిపతి ఎవరో వినిపించారు. ఎవరు రాజైనా ఈనాటినుంచి ఆషాఢం వచ్చేదాకా మన నెత్తిమీద ఏలుబడి సూర్యభగవానుడిదే. ఆయన ఏలుబడిలో, చర్మం ఎండకు తాళలేని పసిపిల్లలను ఎట్లా కాపాడుకోవాలన్నదే మేము మనవి చేయదలచిన విషయం. మేము వైద్యులము కాము. మా చదువు మెట్రిక్కు, మా పని రైల్వే ఆఫీసులో కాగితాలు చూడడం. మా ఇంట్లో అటువంటి పిల్ల ఒకతె ఉన్నది కనుక నాలుగేళ్ళుగా ఈ సంగతి వెతుక్కోవలసి వచ్చినది. డాక్టర్లను అడిగి తెలుసుకొన్నదీ, చదివినదీ, యానాంలో మా అత్తవారింట చేసి చూసినదీ కలిపి చెబుతాము. వేసవి సెలవులు ఇవ్వగానే మనలో సగంమంది కోరమాండల్ తీరం వెంట రైలెక్కేవాళ్ళమే గనుక, సభవారికి ఇది బొత్తిగా అక్కరకు రాని మాట కాదనుకొంటాము.

యానాం మీలో కొందరికి బాగా తెలిసిన ఊరే. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై, చుట్టూ ఆంధ్రదేశమే ఉన్న చిన్న ఊరు. గౌతమీ గోదావరినుంచి కోరంగి పాయ చీలేచోట ఉన్నది. రైలు అక్కడిదాకా పోదు. సామర్లకోటలో దిగి కాకినాడ మీదుగా బస్సులో పోవాలి. ఎదురుగా నది, అవతల దగ్గరలోనే సముద్రం. గాలికి లోటు లేదు. పొద్దెక్కాక కూడా గోదావరి గట్టున నిలబడితే చొక్కా ఎగిరిపోయేంత గాలి. మన రైల్వే క్వార్టర్ల ఇటుకగోడల మధ్య ఉడికి వెళ్ళినవాడికి అది స్వర్గం. చిక్కంతా ఆ గాలిలోనే ఉన్నది.

మా పాపకు అప్పటికి నాలుగో ఏడు. పిల్లలందరితోపాటు గట్టుమీద, భరతమాత విగ్రహం దగ్గర, ఒక పూట ఆడింది. చెమట పట్టలేదు, దాహమనలేదు, అలసిపోలేదు. సాయంత్రానికి ముక్కు, బుగ్గలు, మెడ ముందుభాగం, ముంజేతులు ఎర్రగా కందిపోయినాయి. మర్నాటికి సన్నని పొక్కులు లేచినాయి. రాత్రంతా దురద, ఏడుపు. మా అత్తయ్యగారు చూసి, "చెమటకాయలండీ అల్లుడుగారూ, వేడి చేసింది. మజ్జిగ పట్టించి గంధం రాస్తే తగ్గిపోద్దండి" అన్నారు. వేసవి, పసిపిల్ల, పొక్కులు; పెద్దవాళ్ళు ఎవరైనా అదే అంటారు. కాకినాడలో చర్మవ్యాధుల డాక్టరుగారు మాత్రం పొక్కులకన్నా ముందు గౌనువైపు చూశారు. "ఆ రోజు వేసిన గౌనుకు చేతులు ఎక్కడిదాకా ఉన్నాయి?" అని అడిగారు. పొక్కులు సరిగ్గా గౌను చేతి అంచుదగ్గర గీత గీసినట్లు ఆగిపోయి ఉన్నాయి. గౌను కప్పిన వీపుమీదా పొట్టమీదా ఒక్కటి లేదు.

ఈ ఒక్క గుర్తు తల్లులందరూ మనసులో ఉంచుకోవలెనని మనవి. చెమటకాయలు గుడ్డ కప్పినచోట, చెమట నిలిచేచోట వస్తాయి: వీపు, మెడ మడతలు, చంకలు. ఎండవలన వచ్చేవి గుడ్డ కప్పనిచోట వస్తాయి, గుడ్డ మొదలైనచోట ఆగుతాయి. మొదటిదానికి గాలి, చన్నీటి స్నానం మందు. రెండవదానికి గాలి ఎంత తగిలినా ప్రయోజనం లేదు.

ఎందుకు లేదో కొంచెం చెప్పవలె. సూర్యుడినుంచి మనకు కంటికి కనిపించే వెలుగు వస్తుంది, ఒంటికి తెలిసే వేడి వస్తుంది. ఈ రెండూ కాక కంటికీ కనిపించక, ఒంటికీ తెలియక వచ్చేవి అతినీలలోహిత కిరణాలు. 1801లో జర్మనీలో రిట్టర్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని పట్టుకొన్నాడు. గాజు పట్టకంగుండా ఎండను రంగులుగా విడదీసి, ఊదారంగుకు అవతల ఏమీ కనిపించని చోట వెండి లవణం పూసిన కాగితం పెడితే, అది అక్కడే అన్నిటికన్నా త్వరగా నల్లబడిందట. మన చర్మం కూడా ఆ కాగితంవంటిదే. దానిని కందజేసేది వేడి కాదు, ఈ కనిపించని కిరణాలు. గోదావరి గాలి వేడిని తీసుకొనిపోతుంది, కిరణాలను తీసుకొనిపోలేదు. వేడిగా ఉంటే పిల్ల తనంతట తానే నీడకు పరుగెత్తుకొని వస్తుంది. చల్లగా ఉంటే రాదు. అందుచేత గాలివీచే గట్టుమీద పిల్లకు జరిగే హాని, గాలిలేని పెరట్లో జరిగేదానికన్నా ఎక్కువ కావచ్చు. సంక్రాంతి రోజులలో శాలువా కప్పుకొని తిరిగే చలి ఉన్నా, మిట్టమధ్యాహ్నం మన దేశపు ఎండలో ఈ కిరణాలు జాగ్రత్తపడవలసినంత ఉంటాయి.

వీటిలో భూమిమీదికి చేరేవి రెండు రకాలు. బి రకం చర్మాన్ని పైపైన కాల్చేది. ఎ రకం లోతుకు దిగేది, కిటికీ అద్దాన్ని కూడా దాటివచ్చేది. మా పాపకు ఉన్న జబ్బుపేరు డాక్టరుగారు చీటీమీద వ్రాసి ఇచ్చారు: పాలీమార్ఫస్ లైట్ ఎరప్షన్. పేరు చూసి మేము హడలిపోయినాము గాని, అది మన దేశంలో తరచుగా కనిపించేదేనట. ఎండ పడనట్టి దానికి పేరు పెద్దది, అంతే. దీనిని రేపేది ఎక్కువగా ఎ రకం కిరణాలు. ఎండలోకి వెళ్ళిన కొన్ని గంటలకో, మర్నాటికో బయటపడుతుంది. దీనికి ఇంకో స్వభావం ఉన్నది: వేసవి మొదట్లో విజృంభించి, పోనుపోను చర్మం అలవాటుపడి తగ్గుతుంది. ఇక్కడ బడిగదిలో, ఇంటిలో ఉన్న పిల్లను రైలెక్కించి, దిగిన మర్నాడే గోదావరి గట్టున వదలడమంటే ఆ మొదటి దెబ్బకు ఎదురు పంపడమే. ఊరు చేరిన మొదటి వారమే ఎక్కువ జాగ్రత్త పడవలసిన వారం.

ఇక కాలం మాట. రైల్వేవాళ్ళం కనుక గడియారంతో మొదలుపెడతాము. మన దేశమంతటికీ వేళ నిర్ణయించే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుంది. కాబట్టి యానాంలో గడియారం పన్నెండు కొట్టేవేళకు సూర్యుడు కూడా ఇంచుమించు నడినెత్తికి వస్తాడు. ఖరగ్‌పూరులో అట్లా కాదు. మనం తూర్పున ఉన్నాము గనుక ఇక్కడ సూర్యుడికి గడియారం కన్నా ఇరవై నిమిషాలు ముందే మధ్యాహ్నం అవుతుంది. మే నెల మొదటి వారం చివర యానాంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిమీదుగా పోతాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నిటారుగా పాతిన గుంజకు నీడ ఉండదు, కాళ్ళకింద దాక్కొంటుంది. ఆగస్టు మొదట్లో మళ్ళీ అట్లాగే జరుగుతుంది, అయితే అప్పుడు మబ్బులు అడ్డం.

ఈ నీడే పిల్లల గడియారం. డాక్టరుగారు మా పాపకు నేర్పినది ఇదే: "నీ నీడ నీకన్నా పొట్టిగా ఉంటే అరుగుమీదికి రా, నీకన్నా పొడుగైతే ఆడుకో." మే నెలలో యానాంలో ఉదయం సుమారు తొమ్మిదినుంచి మధ్యాహ్నం మూడుదాకా నీడ మనిషికన్నా పొట్టిగా ఉంటుంది. రోజు మొత్తంమీద వచ్చే ఈ కిరణాలలో సగానికి మించి పదికీ రెండుకీ మధ్యనే వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెబుతారు. వారు ఈ కిరణాల తీవ్రతకు ఒక అంకె కూడా ఏర్పరచినారు. 3 వచ్చినదంటే జాగ్రత్త మొదలుపెట్టాలి, 8 అయితే చాలా ఎక్కువ, 11 దాటితే విపరీతం. మన కోస్తాలో మబ్బులేని వేసవి మధ్యాహ్నం 11 దాటడం మామూలే. ఈ అంకె ఇప్పుడు చేతిలోని ఫోనులో వాతావరణంతోపాటు కనిపిస్తూనే ఉంటుంది. మనం మాత్రం పక్కనున్న డిగ్రీలే చూసి, "ఇవాళ 36 డిగ్రీలేనట, ఫరవాలేదు" అనుకొంటాము.

నీడను గూర్చి కూడా రెండు మాటలు. కొబ్బరిచెట్టు నీడ నీడ కాదు. ఆకుల సందుల్లో ఆకాశం ఎంత కనిపిస్తే అంత ఎండ పడుతున్నట్లే. మామిడి, వేప, మర్రి మేలు. అన్నిటికన్నా మేలు పాతకాలపు వీధి అరుగు, దానిమీద దిగిన చూరు. ఇసుక ఎండలో ఆరు ఏడు పాళ్ళలో ఒక పాలు పైకి తిప్పి కొడుతుంది కనుక గొడుగు పట్టుకొని ఇసుకలో కూర్చున్నా కిందినుంచి కొంత తగులుతుంది. నీళ్ళలో ఉంటే భయం లేదనుకొనేవాళ్ళు ఉన్నారు. మోకాటిలోతు నీటి అడుగున కూడా పైన ఉన్న కిరణాలలో నూటికి నలభై పాళ్ళు ఉంటాయట. 2015 పుష్కరాలలో రేవులన్నిటా ఎంత జనమో చూసినవాళ్ళకు తెలుసు. అటువంటి స్నానాలకు పిల్లలను తీసుకొనిపోయేటప్పుడు తెల్లవారుజామునే ముగించుకోవడం పుణ్యానికీ చర్మానికీ మంచిది. పలుచని మబ్బును కూడా నమ్మరాదు. అది వేడిని ఆపినంతగా కిరణాలను ఆపదు.

ఇవన్నీ విని మా అత్తయ్యగారు మొదట నొచ్చుకొన్నారు. "ఏడాదికోసారి వచ్చే పిల్లని గదిలో పెట్టి తలుపేస్తారా? ఎండలో పిల్లలు కాక మరెవరు ఆడతారండీ?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. ఈ జబ్బులున్న పిల్లలను చాలా ఇళ్ళలో చీకటిగదిలో పెడతారు, అది చూసి పిల్ల జబ్బుకన్నా ఎక్కువ బాధపడుతుంది. చివరకు దారి చూపినది కూడా ఆవిడే. ఇంటి వేళలు మార్చివేశారు. తెల్లవారి ఐదున్నరకు సూర్యోదయమైతే ఆరింటికే పిల్లలందరూ గట్టుమీద ఉండేవారు. ఒక్క మా పాపే కాదు, అందరూ. ఎనిమిదిన్నరకు చద్దన్నాలకు ఇంటికి. పగలంతా అరుగుమీద అష్టాచెమ్మా, వామనగుంటలు, కథలు. మళ్ళీ నాలుగు దాటితే గట్టు, ఆరున్నరకు దీపాలవేళకు ఇల్లు. అందరికీ ఒకే వేళ అయినప్పుడు, తనొక్కతెకే శిక్ష అన్న మాట పిల్లకు తోచదు. మేము చదివిన పుస్తకాలలో ఈ సలహా ఎక్కడా కనబడలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దాచరాదు. లేత ఎండ మంచిది, డి విటమిను వస్తుంది అని మనం అంటూ ఉంటాము. డి విటమిను తయారుచేసేది బి రకం కిరణాలే, అవి పొద్దున తక్కువ. తిరుపతిలో వైద్యులు చేసిన పరిశీలనలో కూడా మన ప్రాంతంలో అది ఎక్కువగా తయారయ్యేది పదకొండుకూ రెండుకూ మధ్యనే అని తేలింది. కాబట్టి పిల్లను మధ్యాహ్నపు ఎండనుంచి కాపాడే తల్లిదండ్రులు డి విటమిను సంగతి డాక్టరుగారిని అడిగి, అవసరమైతే చుక్కలుగానో మాత్రలుగానో ఇప్పించుకోవాలి. మాకు అట్లాగే ఇచ్చారు.

బయటకు పోక తప్పని వేళకు మొదటి రక్షణ గుడ్డ. మన కోనసీమ పొలాల్లో నాట్లు వేసే, కోతలు కోసే ఆడవాళ్ళను చూడండి; చీరమీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని, తలకు గుడ్డ చుట్టుకొని ఉంటారు. వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పలేదు. వేడిగా ఉంటుందని చేతుల్లేని గౌన్లు తొడిగి పిల్లలను పంపే మనకన్నా వాళ్ళే నయం. అయితే ఏ గుడ్డైనా ఒకటి కాదు. పలుచని తెల్లని నూలుగుడ్డ కిరణాలను అయిదారు వంతులు మాత్రమే తగ్గిస్తుంది, తడిస్తే ఇంకా తక్కువ. దగ్గరి నేతగుడ్డ, ముదురు రంగుగుడ్డ చాలా మేలు. కొనేటప్పుడు గుడ్డను దీపానికి ఎదురుగా పట్టి చూడండి. దీపం స్పష్టంగా కనిపించిందా, ఎండకూ దారి ఉన్నట్లే. కొత్త నూలుగుడ్డ ఒకటి రెండు ఉతుకులకు కుదించుకొని సందులు మూసుకొంటుంది కనుక ఉతికి తొడగడం మంచిది. ఏళ్ళ తరబడి వాడి జాలిగా అయిన గుడ్డ పనికిరాదు. నైలాను, పాలిస్టరు గుడ్డలు ఎండను ఆపినా, సుకుమారపు చర్మానికి చెమటతో గుచ్చుకొని దురద రేపుతాయి. ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే చెప్పనక్కరలేదు. మేము నీలిరంగు దగ్గరినేత నూలుగుడ్డ తీసుకొని, వదులుగా, మణికట్టుదాకా చేతులు, మెడకు చిన్న కాలరు పెట్టి నాలుగు జుబ్బాలు కుట్టించాము. వదులుగా ఉంటే గాలి ఆడుతుంది. నాలుగింటికి అయిన ఖర్చు ఒక లేపనం ట్యూబు ఖర్చుకు కొంచెం అటూ ఇటూ.

తలకు టోపీ. క్రికెట్ ఆటగాళ్ళు పెట్టుకొనే ముందుకు మాత్రమే అంచున్న టోపీ చెవులను, మెడను వదిలేస్తుంది. చుట్టూ అంచు ఉండాలి. పెద్దవాళ్ళకు మూడంగుళాలు, పిల్లలకు రెండున్నర. ఒకప్పుడు దొరలు పెట్టుకొన్న సోలా టోపీ మన జీలుగుబెండు జాతిదానితో చేసినదే. ఈ బంగాళాదేశపు పెళ్ళికొడుకుల నెత్తిన ఇప్పటికీ ఆ బెండు కిరీటం చూస్తూనే ఉన్నాము. మనవాళ్ళకు తాటాకు గిడుగు ఉండేది. వాడుకభాషకోసం పాటుపడిన రామమూర్తి పంతులుగారి ఇంటిపేరులో ఉన్న గిడుగే. దానిని మించినది ఈనాటికీ లేదని మా అభిప్రాయం, పిల్ల పెట్టుకొంటే గదా! చివరకు గుడ్డటోపీయే కుట్టించాము. ఆస్ట్రేలియాలో చర్మపు క్యాన్సరు బెడద మిక్కుటం. అక్కడ 1981లో చొక్కా తొడుగు, లేపనం పూయి, టోపీ పెట్టు అని ఒక ప్రచారం మొదలైంది. బడులలో టోపీ లేని పిల్లకు ఆటస్థలంలో ఆట లేదని నియమం కూడా వచ్చింది. మన పిల్లల బడిలో యూనిఫారంలో టోపీ లేదు. డాక్టరుగారి చీటీ జతచేసి ఒక అర్జీ పెట్టుకొంటే, డ్రిల్లు వేళ మా పాపను టోపీతో, చెట్టునీడ వరసలో నిలబెట్టడానికి ఒప్పుకొన్నారు. అడగడానికి మొగమాటపడవద్దు.

గుడ్డ కప్పలేని ముఖం, చెవులు, మెడ, చేతుల వెనుక భాగం మిగులుతాయి. అక్కడికి మాత్రమే సన్‌స్క్రీన్ లేపనం. కొందరు దానినే కవచమనుకొని పూసి రోజంతా ఎండలో వదులుతారు. అది చివరి రక్షణ గాని మొదటిది కాదు. ట్యూబుమీద ఎస్.పి.ఎఫ్. అని ఒక అంకె ఉంటుంది. అది బి రకం కిరణాలకు సంబంధించినది. 15 అయితే నూటికి 93 పాళ్ళు, 30 అయితే 97, 50 అయితే 98 పాళ్ళు ఆపుతుంది. అంటే 30కీ 50కీ తేడా ఒక్క పాలు. అంకె పెద్దదని ధర రెట్టింపు పెట్టి కొనేముందు ఇది తెలుసుకొంటే మంచిది. మా పాపవంటి పిల్లలకు ముఖ్యం ఎ రకం. దానికి పి.ఎ. అని వ్రాసి పక్కన కూడికల గుర్తులు వేస్తారు. గుర్తులు ఎన్ని ఎక్కువైతే రక్షణ అంత ఎక్కువ. ఈ లేపనాలలో కొన్ని రసాయనాలు చర్మంలో ఇంకి పనిచేస్తాయి, కొందరికి అవే మంటపెడతాయి. జింక్ ఆక్సైడు, టైటానియం డయాక్సైడు అనే ఖనిజపు పొడులు చర్మంపైన పొరలా నిలిచి పనిచేస్తాయి. సుకుమారపు చర్మానికి డాక్టర్లు సాధారణంగా చెప్పేవి ఇవే. సువాసన కలపనిది తీసుకోవాలి.

వీటితో ఒక ఇబ్బంది, ముఖం తెల్లగా పిండి పూసినట్లు అవుతుంది. మొదటిరోజు మా బావమరిది పిల్లలు "నాటకంలో వేషం కట్టావే" అని గేలిచేస్తే మా పాప నూతిదగ్గరకు పోయి కడిగేసుకొన్నది. తరువాత ఇనుపమట్టి రంగు కలిపినది దొరికింది, మన రంగులో కలిసిపోతుంది. ఏది తెచ్చినా ముందు ముంజేతి లోపలివైపు కాసింత రాసి రెండు మూడు రోజులు చూడాలి. బయటకు పోయే పావుగంట ముందు పూయాలి, రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి, స్నానమైనా చెమటపట్టినా వెంటనే పూయాలి. ఇసుమంత రాస్తే లాభం లేదు. పెద్దవాళ్ళ ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున ట్యూబులోనుంచి తీసినంత కావాలి, పిల్లకు దానికి తగ్గట్టు. ఆరు నెలల లోపు పసికూనలకు లేపనం వద్దు, నీడే.

ఇక మన ఇళ్ళలో పూసేవాటి సంగతి. పసుపు, గంధం, శనగపిండి ఎండను ఆపవు. కొబ్బరినూనె చర్మానికి నునుపు, ఎండకు అది చాలదు. సున్నిపిండితో రుద్దడం ఈ పిల్లలకు పుండుమీద కారమే. నిమ్మరసం మరీ ప్రమాదం; చేతులకు నిమ్మరసం అంటుకొని ఎండలోకి పోతే ఆ చోట కాలినట్లు బొబ్బలెక్కి, నల్లమచ్చలు నెలల తరబడి పోవు. నిమ్మకాయ పిండే చోట పిల్లలుంటే చేతులు సబ్బుతో కడిగించి పంపండి. బావంచాలు అనే గింజలు బొల్లికి వైద్యులు వాడేవి. అవి చర్మాన్ని ఎండకు మరింత లొంగేటట్లు చేయడమే వాటి గుణం. వైద్యుడు చెప్పనిది ఏ నూనెలోనూ అవి కలిపి పిల్లలకు పూయరాదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే మేము ఈ వేదికెక్కినాము. ఆడపిల్లను ఎండనుంచి కాపాడుతున్నామని తెలిస్తే చాలు, చూసినవాళ్ళందరూ అది రంగుకోసమే అనుకొంటారు. యానాంలో మా వీధివారే ఒకరు, ఎంతో ప్రేమగలవారే, "పిల్ల చామనచాయ కదండీ, ఇప్పటినుంచే జాగ్రత్తపడడం మంచిదే" అని మెచ్చుకొన్నారు. మర్నాడు ఒక ట్యూబు కూడా తెచ్చి ఇచ్చారు, మందుల దుకాణంలో అడిగితే ఇచ్చారట. మా ఇంట్లోవారు ట్యూబుమీది సన్నని అక్షరాలు చదివి పక్కన పెట్టారు. అందులో ఉన్నది స్టెరాయిడు, దానితోపాటు చర్మం తెల్లబరచే మందు. అటువంటిది నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడి, ఎండకు ఇంతకుముందుకన్నా ఎక్కువ కందుతుంది. మానివేస్తే ఇంకా రేగుతుంది. ఇటువంటి స్టెరాయిడు క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వంవారు నియమం పెట్టారు. అయినా అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాము. డాక్టరు చూసి, ఇన్ని రోజులని చెప్పి ఇచ్చినది వేరు. మా పాపకు పొక్కులు రేగినప్పుడు అయిదురోజులు అట్లాగే ఇచ్చారు. అందం కోసం అడిగి కొన్నది వేరు.

ఆ సాయంత్రం గట్టుకు పోతూ పాప టోపీ తీసి చేతిలో పట్టుకొని అడిగింది: "నాన్నా, నేను నల్లబడిపోతాననా ఇది?" ఏడేళ్ళ పిల్ల. ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు. వరండాలో పెద్దవాళ్ళు అనుకొన్నది విని ఉంటుంది. "కాదమ్మా, రాత్రి నీకు దురద రాకుండా" అన్నాము. నమ్మిందో లేదో తెలియదు. అప్పటినుంచి మా ఇంట ఒక కట్టుబాటు చేసుకొన్నాము: టోపీ, లేపనం, జుబ్బా ఊసు వచ్చినప్పుడు రంగుమాట ఎత్తరాదు. చుట్టాలు ఎత్తితే పిల్ల ఎదుటే సరిదిద్దుతాము. మా అత్తయ్యగారైతే మాకన్నా గట్టిగా సరిదిద్దుతారు. మన నల్లని చర్మంలో ఉండే మెలనిన్ అనే పదార్థం సూర్యుడే మనకు ఇచ్చిన గొడుగు. తెల్లవారికి లేని ఆస్తి అది. దానిని పోగొట్టుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టడం వింత కదా! అయితే ఆ గొడుగు ఉన్నంతమాత్రాన నల్లపిల్లకు ఎండ హాని చేయదని కూడా అనుకోరాదు. ఎర్రదనం కనబడదు గనుక, మంట అని పిల్ల చెప్పినదే గుర్తు.

ఆ గొడుగు పుట్టుకతోనే లేని పిల్లలు ఉన్నారు. జుట్టు, కనుబొమలు, చర్మం అన్నీ తెల్లగా ఉంటాయి. వాళ్ళను మన ఊళ్ళలో పెట్టే పేర్లు ఈ వేదికమీద అనదగినవి కావు. దానిని ఆల్బినిజం అంటారు. అది అంటువ్యాధి కాదు, ఎవరి పాపమూ కాదు. వాళ్ళకు మేము చెప్పినవన్నీ ఏ ఋతువులోనైనా, జన్మంతా కావాలి. చూపు కూడా తక్కువ కనుక కంటిడాక్టరు, బడిలో ముందుబల్ల కావాలి. బొల్లి మచ్చలున్న పిల్లలకు ఆ మచ్చలమీద ఇదే రక్షణ. ఇంకొకటి: ఎండకు బుగ్గలమీద ఎర్రని దద్దుతోపాటు జ్వరం, కీళ్ళనొప్పులు, నోటిపూత ఉంటే అది ఎండపొక్కు అనుకొని ఊరుకోవద్దు, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకొని పోవాలి. ఏదైనా మందు మొదలుపెట్టాక ఎండకు కందడం మొదలైతే ఆ మందుపేరు డాక్టరుకు చెప్పాలి. డాక్సీసైక్లిన్‌వంటి కొన్ని మందులకు ఆ గుణం ఉన్నది.

ప్రయాణం మాట చెప్పి విరమిస్తాము. ఇక్కడినుంచి సామర్లకోట పోయే బండి నైరుతిగా పోతుంది. పొద్దుటి ఎండ ఎడమవైపు, అంటే సముద్రంవైపు కిటికీలలో పడుతుంది. మధ్యాహ్నం తిరిగాక కుడివైపు. తిరుగు ప్రయాణంలో అటుదిటు. స్లీపరు పెట్టెలో కిటికీ తెరిచి పిల్లను పక్కన కూర్చోబెడితే గట్టుమీద కూర్చోబెట్టినట్లే. చల్లపెట్టెలో అద్దం బి రకాన్ని చాలావరకు ఆపినా ఎ రకాన్ని రానిస్తుంది, అందుకే తెర. టిక్కెట్టు తీసుకొనేటప్పుడు ఏవైపు బెర్తు అని అడిగి పుచ్చుకోవడం కుదరదు గాని, బండి ఎక్కాక సర్దుకోవచ్చు. తోటి ప్రయాణీకులు పిల్ల సంగతి చెబితే కాదనరు.

టోపీకి, జుబ్బాకు కాగితం కత్తిరింపులు మా ఇంట్లోవారు మూడు కొలతలలో, నాలుగేళ్ళకు, ఏడేళ్ళకు, పదేళ్ళకు చేసి తెచ్చారు. పచ్చడి పంచుతున్న బల్లదగ్గర ఉన్నాయి. కావలసినవారు మీ గుడ్డమీద పరచి గీసుకొని, కాగితం మాత్రం తిరిగి ఇచ్చివేయ ప్రార్థన. ఉన్నది ఒక్క జతే.